విస్కీ డిస్టిలరీలో ప్రాసెస్ సేఫ్టీ ఉద్యోగం: ఫార్మా నుంచి వచ్చేవాడు ఏం చూసుకోవాలి?

గోదారి గట్టు:

అందరికీ నమస్తే. నాది కెమికల్ ఇంజనీరింగ్, కాకినాడలో చదివి హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఆరేళ్ళు చేశా, అందులో నాలుగేళ్ళు ప్రాసెస్ సేఫ్టీలోనే. పోయినేడాది ఎడిన్‌బరోలో హెరియట్ వాట్‌లో బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ మాస్టర్స్‌కి వచ్చా (ఇంట్లో ఫుడ్ టెక్నాలజీ అని చెప్పా, మా అమ్మమ్మకి ఇప్పటికీ అసలు విషయం తెలీదు). ఇప్పుడు స్పేసైడ్‌లో ఒక డిస్టిలరీ గ్రూపు నుంచి ప్రాసెస్ సేఫ్టీ ఇంజనీర్ పోస్టుకి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, పది రోజులు టైముంది.

నా బాధేంటంటే ఫార్మాలో మాకు టోలీన్, మిథనాల్, హైడ్రోజినేషన్, నైట్రేషన్, అంటే భయపడ్డానికి కావలసినంత సరుకు ఉండేది. ఇక్కడ చూస్తే పెద్ద రాగి కాగులాంటి స్టిల్లు, లోపల పులిసిన బార్లీ నీళ్ళు, కింద స్టీమ్ కాయిల్, అంతే. రన్‌అవే రియాక్షన్ (వేడి చేయిదాటిపోయే రియాక్షన్) లేదు, ప్రెషర్ లేదు, విషవాయువు లేదు. కాలేజీ వాళ్ళు విజిట్‌కి తీసికెళ్తే స్టిల్ హౌస్‌లో ఫోన్లు ఆపేయమన్నారు, అంతకుమించి నాకేం కనపడలేదు. మరి ఇంజనీర్‌ని పెట్టుకుని వీళ్ళు ఏం చేయిస్తారు? హజాప్‌లో (ఎక్కడ ఏది ఎలా తప్పొచ్చో ఒక్కోటీ అడుగుతూ వెళ్ళే మీటింగ్) కూర్చుంటే మాట్లాడ్డానికి ఏముంటుంది? పుస్తకాల్లోది చదువుకుంటాను గానీ పనిచేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

డౌటు మాస్టర్:

తాగే సరుక్కి సేఫ్టీ ఇంజనీర్ ఏంటి బ్రో, తాగినోళ్ళకి కదా పెట్టాల్సింది 😄 సీరియస్‌గా అయితే నాదీ అదే డౌటు, పెట్రోల్ ట్యాంకా ఏమన్నానా, సగానికి సగం నీళ్ళేగా.

ఎల్గిన్ చలి:

ఆ సగం నీళ్ళ మాటే ముందు తేల్చుకుందాం మాస్టారూ. 40 శాతం ఆల్కహాల్, అంటే షాపులో సీసాలో ఉండే విస్కీ, దాని ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) 26 డిగ్రీల దగ్గర. 60 శాతం అయితే 22. పీపాల్లోకి నింపేది మామూలుగా 63.5 శాతం. స్టిల్ నుంచి దిగేది 70 చుట్టుపక్కల. అంటే నీళ్ళు సగం కలిసినా ఫ్లాష్ పాయింట్ పెద్దగా పెరగట్లేదు, మన విజయవాడ ఎండలో అయితే సీసా సరుకు కూడా మంట అంటుకునే వేడిలోనే ఉన్నట్టు లెక్క. స్కాట్లండ్ చలి కొంత కాపాడుతుంది కానీ స్టిల్ హౌస్‌లో చలెక్కడిది.

ఇక గోదారి గట్టు గారూ, నేను ఈ ఊళ్ళ చుట్టూనే తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా, అంతకుముందు వైజాగ్‌లో రిఫైనరీ కాంట్రాక్టుల్లో ఉండేవాణ్ణి, నేనూ మీలాగే ఇదేం ప్లాంటు అనుకుంటూ వచ్చినవాణ్ణే. మీరు రియాక్షన్ కోసం వెతుకుతున్నారు, అది ఇక్కడ లేదు నిజమే. వెతకాల్సింది గాలి, నీళ్ళు, ఆవిరి. వింటానికి మరీ మామూలుగా ఉంటాయి కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

నీళ్ళతో మొదలెడదాం. స్పిరిట్ స్టిల్ (రెండోసారి కాచేది) మీద కండెన్సర్‌కి (ఆవిరిని చల్లబరిచేది) కూలింగ్ వాటర్ ఆగిపోయింది అనుకోండి. స్టీమ్ మాత్రం వస్తూనే ఉంటుంది, కరెంటు పోతే పంపు ఆగుతుంది కానీ బాయిలర్‌లో ఉన్న ప్రెషర్ ఆ క్షణాన ఎక్కడికీ పోదుగా. అప్పుడు ఆల్కహాల్ ఆవిరి ఆవిరిగానే కండెన్సర్ దాటి స్పిరిట్ సేఫ్‌లోకి (దిగే సరుకు చూసే తాళం వేసిన అద్దాల పెట్టె), అక్కణ్ణుంచి రిసీవర్లోకి (సరుకు చేరే ట్యాంకు), దాని వెంట్‌లోంచి బయటికి వస్తుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, ఒకటిన్నర రెట్ల పైనే, నేలబారుగా పాకుతుంది, డ్రెయిన్లలోకి దిగుతుంది. గాలిలో 3.3 శాతం చేరితే చాలు అంటుకోడానికి, 19 శాతం దాకా అంటుకుంటూనే ఉంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న: నీళ్ళు ఆగితే స్టీమ్ దానంతటది ఆగుతుందా, లేక స్టిల్‌మ్యాన్ పరిగెత్తి చక్రం తిప్పాలా? రెండోది: కరెంటో ఇన్‌స్ట్రుమెంట్ ఎయిరో (వాల్వుల్ని నడిపే గాలి) పోతే స్టీమ్ వాల్వు మూసుకునే వైపు పోతుందా, తెరుచుకునే వైపు పోతుందా? పాత డిస్టిలరీల్లో ఈ రెండిటికీ జవాబు ఒక్కోసారి ఒక మనిషి పేరు అయ్యుంటుంది. అతను ముప్పై ఏళ్ళుగా పొరపాటు చేయలేదు కాబట్టి ఇంటర్‌లాక్ (దానంతటదే ఆపే ఏర్పాటు) అక్కర్లేదనే వాదన మీరు కచ్చితంగా వింటారు.

తర్వాత పొంగు. వాష్ స్టిల్‌లో (మొదటిసారి కాచేది) పోసేది 8, 9 శాతం ఆల్కహాల్ ఉండే వాష్, అంటే పులిసిన బార్లీ నీళ్ళు, అందులో ఈస్టు, ప్రోటీన్లు అన్నీ ఉంటాయి, స్టీమ్ కాస్త ఎక్కువ పెడితే పాలు పొంగినట్టు పొంగి మెడ దాకా వచ్చేస్తుంది. అందుకే మెడ దగ్గర అద్దం కిటికీ పెడతారు. నురగ ఆ అద్దంలో కనపడగానే స్టీమ్ తగ్గించడం అనేది మనవాళ్ళు పాల గిన్నె దగ్గర నిలబడ్డం లాంటిదే, ఒక్క క్షణం ఫోన్ చూసుకుంటే అయిపోయింది.

ఇక గాలి. దీని మీద నేను పేజీలు రాయగలను. స్టిల్ ఖాళీ చేసేముందు పైన ఎయిర్ వాల్వు తెరవాలి. తెరవకుండా కింద వదిలేసినా, లేకపోతే ఆవిరి నిండి ఉన్న వేడి స్టిల్‌లోకి చల్లటి వాష్ తోసినా, లోపలి ఆవిరి ఒక్కసారిగా నీళ్ళయిపోతుంది, అంతకుముందు 1,600 లీటర్లు ఆక్రమించిన ఆవిరి ఒక లీటరు నీళ్ళు అవుతుంది. మిగిలింది శూన్యం. స్టిల్ రేకు లోపలి నుంచి వచ్చే ప్రెషర్‌కి కొంత తట్టుకుంటుందేమో కానీ బయటి నుంచి నొక్కితే తట్టుకోదు, కాలితో తొక్కిన కొబ్బరినూనె డబ్బాలా నలిగిపోతుంది. అందుకని లోపల శూన్యం ఏర్పడితే గాలిని లోపలికి వదిలే యాంటీ కొలాప్స్ వాల్వు అని ఒకటి పెడతారు. పైగా రాగి ఏటేటా పల్చబడుతుంది, ముఖ్యంగా స్పిరిట్ స్టిల్ భుజం, మెడ దగ్గర, అల్ట్రాసానిక్‌తో మందం కొలుస్తూ ఉండాలి. పదేళ్ళ కింద తట్టుకున్న వాక్యూమ్ ఇవాళ తట్టుకోకపోవచ్చు, ఈ పాయింటు హజాప్‌లో మీరు లేవనెత్తితే గౌరవం వస్తుంది.

మాల్ట్ మిల్లు సంగతి మీకు తెలిసే ఉంటుంది, పొడి పేలుడు, ఫార్మాలో మిల్లింగ్ చూశారు కదా. ఇక్కడ తేడా ఏంటంటే బార్లీతో పాటు చిన్న రాయి వస్తుంది, రోలర్ల మధ్య పడితే నిప్పురవ్వ. డీస్టోనర్ (రాళ్ళు ఏరేది), మాగ్నెట్ రెండూ పనిచేస్తున్నాయో లేదో చూడాలి, మిల్లులు దశాబ్దాల నాటివి ఇంకా సుబ్బరంగా తిరుగుతుంటాయి, మిల్లు బాగుందంటే మాగ్నెట్ బాగున్నట్టు కాదు. మిగతావి రేపు రాస్తా, ఇక్కడ పొద్దుపోయింది.

షిఫ్టు ఇన్‌చార్జి:

ఎల్గిన్ అన్న చెప్పిన డబ్బా నలిగిన ముచ్చట నేను కండ్లార చూసిన. మాది విస్కీ కాదు, నూకల నుంచి ఈఎన్ఏ (మందు తయారీకి వాడే శుద్ధమైన స్పిరిట్), ఇథనాల్ తీసే ప్లాంటు, గానీ సగం మన బ్రాండ్లల్ల పోయేది ఈ ఈఎన్ఏనే కాబట్టి చెప్పొచ్చనుకుంట.

ఇప్పుడున్న ప్లాంట్ల కాదు, అంతకుముందు చేసిన దగ్గర, పేరెందుకులే. ఫర్మెంటర్ ఖాళీ చేసిన్రు, సీఐపీకి (ట్యాంకు విప్పకుండనే లోపల కడుగుడు) కాస్టిక్ కొట్టాలె. నైట్ షిఫ్టు, తొందర, నెక్స్ట్ బ్యాచ్ లేటయితుందని జీఎం ఫోన్ల మీద ఫోన్లు. ఫర్మెంటర్ల లిక్విడ్ లేకున్నా లోపలంత సీఓటూ గ్యాస్ నిండి ఉంటది గదా, దాన్ని గాలి కొట్టి బయటికి పంపకుండనే మీద మ్యాన్‌హోల్ బిగించి స్ప్రే బాల్‌తోని కాస్టిక్ వదిలిన్రు. కాస్టిక్ సీఓటూని తాగేస్తది, సోడియం కార్బొనేట్ అయితది, గ్యాసు మాయం. వెంటు ఉండె గానీ సన్నది, అంత గాలి అంత స్పీడుగ గుంజలేకపాయె. పెద్ద చప్పుడు గాదు, మూలిగినట్టు ఒక సౌండు, స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు నడుం కాడ లోపలికి పోయింది. ఎవ్వరికి ఏం గాలేదు, అదృష్టం. ఆపరేటర్ల మీద రాసి ఫైలు మూసిన్రు. వెంటు సైజు ఎవరు లెక్క కట్టిన్రు అని మాత్రం ఎవరు అడగలే.

సీఓటూ గురించి ఇంకోటి. గోదారి అన్నా నువ్వు విషవాయువు లేదన్నవ్ సూడు, అది తప్పు. లెక్క చెయ్యి: 50 వేల లీటర్ల వాష్‌ల 8 శాతం ఆల్కహాల్ వచ్చిందంటే 4 వేల లీటర్ల ఆల్కహాల్, దగ్గర దగ్గర మూడు టన్నులు. ఆల్కహాల్ ఎంత బరువొస్తదో సీఓటూ ఇంచుమించు అంతే వస్తది. మూడు టన్నుల సీఓటూ అంటే పదహారు వందల ఘనపు మీటర్ల పైనే, ఒక్క బ్యాచ్‌కి. అది కూడ గాలి కన్న బరువే, కడిగేటోడు దిగే గుంతలనే కూసుంటది. ఒకడు పడితె తియ్యనీకి ఇంకొకడు దిగుతడు, ఇద్దరు పోతరు, మనదగ్గర బావులల్ల, సెప్టిక్ ట్యాంకులల్ల అయ్యేది గదే. గ్యాస్ మీటర్ తాడుకి కట్టి అడుగుదాక దించి చూడాలె, మ్యాన్‌హోల్ కాడ పట్టుకుని ఆక్సిజన్ 20.9 ఉందని పర్మిట్ల రాసుడు కాదు. ఒట్టి ఆక్సిజన్ మీటర్ సరిపోదు, సీఓటూ సెన్సర్ వేరేగ ఉండాలె, ఎందుకంటే ఆక్సిజన్ ఇంకా బాగనే కనపడుతున్నప్పుడే సీఓటూ మనిషిని పడేసేటంత ఉంటది.

మంట గురించి కూడ. ఆల్కహాల్ మంట పగటిపూట కండ్లకు ఆనదు. కరోనా టైంల శానిటైజర్ చేతికి రాసుకుని స్టవ్ కాడికి పోయి కాల్చుకున్నోళ్ళని చూసినం గదా, గట్లనే. మామూలు ఫోమ్ కొడితే ఆల్కహాల్ దాన్ని కరగదీస్తది, ఆల్కహాల్ రెసిస్టెంట్ ఫోమ్ అని వేరే ఉంటది, స్టోర్ల ఏది ఉందో డ్రమ్ము మీద చదివి చూడండి, మా దగ్గర ఒకపారి చదివితే వేరే రకం దొరికింది.

కెంటకీ మామ:

నేను అమెరికాలో ఇన్సూరెన్స్ తరఫున రిస్క్ సర్వేలు చేస్తుంటా, లూయివిల్ దగ్గర, బర్బన్ (ఇక్కడి విస్కీ) గోదాములు నా రోజువారీ పని. మీరందరూ స్టిల్ చుట్టూ తిరుగుతున్నారు గానీ తమ్ముళ్ళూ, డబ్బూ ప్రాణాలూ పోయిన పెద్ద ప్రమాదాలు ఎక్కడ జరిగాయో చూడండి. స్టిల్‌లో ఏ క్షణాన ఉండేదైనా కొన్ని వేల లీటర్లు. గోదాములో ఏళ్ళ తరబడి పోగేసిన సరుకు.

ఇంటర్వ్యూకి వెళ్ళేది స్కాట్లండ్‌లో కాబట్టి గ్లాస్గో చీప్‌సైడ్ స్ట్రీట్ సంగతి తెలీకుండా వెళ్ళకండి. 1960 మార్చి 28 సాయంత్రం, విస్కీ, రమ్ము కలిపి పది లక్షల గ్యాలన్లకు పైగా ఉన్న బాండెడ్ (పన్ను కట్టేదాకా సరుకు తాళంలో ఉంచే) గోదాములో నిప్పంటుకుంది. ఫైరింజన్లు వచ్చిన కాసేపటికే లోపల పీపాలు వేడికి పగిలి, ఆవిరి అంటుకుని పేలితే రెండు వైపులా గోడలు వీధుల్లోకి కూలాయి, ఆ గోడల కింద 19 మంది పోయారు, 14 మంది ఫైర్ సర్వీస్ వాళ్ళు, 5గురు సాల్వేజ్ కోర్ (మంటల్లోంచి ఆస్తిని కాపాడే దళం) వాళ్ళు. బయటి నుంచి చూసినవాళ్ళకి మొదట్లో పెద్ద మంటే కనపడలేదు, గోడ దగ్గరే నిచ్చెన వేశారు. అదే ఊళ్ళో 1968లో జేమ్స్ వాట్ స్ట్రీట్‌లో 22 మంది పోయింది ఒక సోఫాల ఫ్యాక్టరీలో, దానికీ విస్కీకీ ఏంటంటే ఆ బిల్డింగు ఒకప్పుడు విస్కీ బాండు, దొంగతనం కాకుండా కిటికీలకి పెట్టిన ఇనుప చువ్వలు అలాగే ఉండిపోయాయి. సరుకు బయటికి పోకుండా కట్టిన గోదాములోంచి మనిషీ బయటికి పోలేడు, ఇది ఎక్సైజ్ తాళాలున్న మన డిస్టిలరీల్లో కూడా అడగాల్సిన ప్రశ్న అనుకుంటా, షిఫ్టు ఇన్‌చార్జి గారు చెప్పాలి.

మా వైపు 1996 నవంబర్ 7న బార్డ్‌స్‌టౌన్‌లో హెవెన్ హిల్ వాళ్ళవి ఏడు గోదాములు, 90 వేల పీపాలు తగలబడ్డాయి. ఒక గోదాములో మొదలై మండే బర్బన్ ఏరులా పల్లానికి పారి మిగతావాటిని అంటించింది, ఆ రోజు గాలి కూడా తోడయింది. 2019 జులైలో జిమ్ బీమ్ గోదాము మీద పిడుగు పడి 45 వేల పీపాలు పోయాయి, ఆర్పడానికి కొట్టిన నీళ్ళతో కలిసి సరుకు కెంటకీ నదిలోకి చేరి చేపలు చచ్చి తేలాయి. ఆ మంటని పూర్తిగా ఆర్పే బదులు కొంత కాలనిచ్చారు, ఎందుకంటే నీళ్ళు కొట్టే కొద్దీ నదిలోకి పోయే విషం పెరుగుతుంది. ఆర్పడమా కాలనివ్వడమా అన్న నిర్ణయం ఆ రాత్రి తీసుకునేది కాదు, ముందే రాసి ఉండాలి. మండే సరుకు ఏ వైపు పారుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఇంటర్వ్యూలో సైట్ ప్లాన్ చూపిస్తే మొట్టమొదట నేల వాలు అడగండి.

ఇంకోటి, 1875లో డబ్లిన్‌లో విస్కీ గోదాము తగలబడితే 13 మంది పోయారు, ఒక్కరూ మంటల్లో కాదు, వీధుల్లో పారుతున్న విస్కీని టోపీల్లో, బూట్లలో పట్టుకుని తాగి. అప్పటి ఫైర్ కెప్టెన్ ఆ ప్రవాహానికి గుర్రాల పేడతో కట్ట వేయించాడు. నాకు తెలిసి బండ్ వాల్ (కారిన సరుకుని ఆపే గట్టు) గురించి ఇంతకన్నా మంచి కేస్ స్టడీ లేదు.

డౌటు మాస్టర్:

ఓకే నేను జోకులు ఆపేశా, నిజం డౌటు. పీపాల్లోంచి ఏటా రెండు శాతం ఆవిరైపోతుందంటారు కదా, దేవదూతల వాటా అని. అలాంటప్పుడు వేల పీపాలున్న గోదాము మొత్తం ఎప్పుడూ ఆల్కహాల్ ఆవిరితో నిండి ఉండాలి, తలుపు తీసి లైటేస్తే పేలాలి. ఎందుకు పేలట్లేదు?

ఎల్గిన్ చలి:

మంచి డౌటు, నేను వచ్చిన కొత్తలో ఇదే అడిగితే మా సీనియర్ కాగితం చేతికిచ్చి లెక్క చెయ్యమన్నాడు. 20 వేల పీపాలు, ఒక్కోటి 200 లీటర్లు, 63.5 శాతం. ఒక్కో పీపాలో 127 లీటర్ల శుద్ధ ఆల్కహాల్, రెండు శాతం అంటే ఏడాదికి రెండున్నర లీటర్లు. మొత్తం 50 వేల లీటర్లు, గంటకి ఆరు లీటర్ల లోపే, నాలుగున్నర కిలోలు. గోదాము 30 వేల ఘనపు మీటర్లు అనుకుని, గంటకి అందులో సగం గాలి మారినా, ఘనపు మీటరుకి 0.3 గ్రాములు. అంటుకోవాలంటే 63 గ్రాములు కావాలి. రెండొందల రెట్లు తేడా. వాసన గుప్పుమంటుంది, బయట గోడలూ చెట్లూ నల్లగా బూజు పడతాయి (బౌడోయినియా అనే శిలీంధ్రం, ఈ ఆవిరి తినే బతుకుతుంది), కానీ పేలదు.

పేలేది, అంటుకునేది కారితే. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము కింద వరస పీపాకి గుచ్చుకుంటే, ప్యాలెట్ల మీద నిలబెట్టిన ఆరంతస్తుల పీపాల దొంతర ఒరిగితే. పాతకాలం డన్నేజ్ గోదాముల్లో మట్టి నేల మీద మూడు వరసలే ఉంటాయి, పడినా కొంచెమే. కొత్త ప్యాలెటైజ్డ్ గోదాముల్లో ఎత్తు పెరిగింది. కెంటకీ మామయ్య గారు చెప్పిన నేల వాలు పాయింటు నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. కానీ స్టిల్ వదిలేయండి అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను, ఎందుకంటే గోదాము ప్రమాదం అరుదు, పెద్దది. స్టిల్ హౌస్‌లోది చిన్నది, కానీ అక్కడ షిఫ్టుకి ఇద్దరు ముగ్గురు మనుషులు పక్కనే నిలబడి ఉంటారు, పైగా రోజూ టూరిస్టులు. ఇన్సూరెన్స్ కళ్ళకి పీపాల లెక్క ముందు కనపడుతుంది, తప్పులేదు.

చట్టం సంగతి. ఇక్కడ కోమా అంటారు, ఐసీయూ కోమా కాదు, పెద్ద ప్రమాదాల నియంత్రణ నిబంధనలు, ఇప్పుడున్నవి 2015వి. ఇలాంటి మండే ద్రవం సైట్‌లో 5,000 టన్నులు దాటితే లోయర్ టైర్, 50,000 దాటితే అప్పర్ టైర్. 200 లీటర్ల పీపాలో సరుకు 180 కిలోలు వేసుకుంటే 28 వేల పీపాలకే లోయర్ టైర్ తగులుతుంది. పెద్ద కంపెనీల మెచ్యూరేషన్ (పీపాల్లో ఏళ్ళ తరబడి నిల్వ ఉంచే) సైట్లు చాలావరకు కోమా కిందే ఉన్నాయి, అంటే పచ్చికలో గొర్రెలు మేస్తుంటే పక్కన కనపడే నల్లటి రేకుల షెడ్లు చట్టం దృష్టిలో మీ ఫార్మా ట్యాంక్ ఫార్మ్‌కి తాతలు. స్కాట్లండ్‌లో హెచ్‌ఎస్‌ఈ (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళూ, పర్యావరణం వైపు సెపా వాళ్ళూ కలిసి చూస్తారు. ఇది కాక డీసియర్ అని మండే, పేలే పదార్థాల నిబంధనలు, 2002 నాటివి, మండే ఆవిరి ఉండగల చోట్లకి జోన్లు గీయడం, అక్కడ ఏ కరెంటు సామాను వాడొచ్చు అన్నవి దీని కిందకి వస్తాయి. స్పిరిట్ సేఫ్, రిసీవర్ వెంట్లు, ఫిల్లింగ్ స్టోర్, ట్యాంకర్ లోడింగ్ దగ్గర మీకు పని దొరుకుతుంది. ట్యాంకర్ దగ్గర ఎర్తింగ్ క్లిప్పు తగిలిస్తేనే పంపు స్టార్టయ్యే ఇంటర్‌లాక్ ఉందా, ఉంటే దాన్ని ఎవరన్నా బైపాస్ చేశారా అని చూడండి. ఆల్కహాల్ కరెంటుని బాగానే పోనిస్తుంది కాబట్టి ఎర్తింగ్ సరిగా ఉంటే స్టాటిక్ నిలవదు, సమస్యంతా ఎర్త్ తగలని ప్లాస్టిక్ డ్రమ్ములతోనూ, రబ్బరు బూట్లేసుకున్న మనుషులతోనూ.

ఇక అసలు చెప్పదలుచుకుంది. ఇప్పుడు ఇక్కడ నా టైమంతా తినేసేది మార్పులే. కార్బన్ తగ్గించాలని అందరూ వేడి తిరిగి వాడుకునే ఏర్పాట్లు పెడుతున్నారు, మంచిదే. ఇదివరకు కండెన్సర్ నుంచి నీళ్ళు గోరువెచ్చగా బయటికి పోయేవి, ఇప్పుడు ఆ నీళ్ళని 80 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి వాటిలోంచి వేడి తీసుకుంటున్నారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరిగేది, గుర్తుందిగా. అంటే కండెన్సర్లో కింది చివర మాత్రమే నిజంగా చల్లగా ఉంటుంది, నీళ్ళ ఫ్లో కొంచెం తగ్గినా చేతిలో ఉండే టైము పాత పద్ధతిలో ఉన్నంత ఉండదు. స్టిల్ అదే, స్టిల్‌మ్యాన్ అతనే, అతని ముప్పై ఏళ్ళ అనుభవం మాత్రం పాత నీళ్ళ మీద వచ్చింది. ప్రాజెక్టు వాళ్ళు దీన్ని ఎనర్జీ స్కీము అంటారు, మీరు దీన్ని మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్‌గా (మార్పు చేసేముందు దాని ప్రమాదాలు తేల్చుకునే పద్ధతి) చూడాలి. ఇంటర్వ్యూలో ఒక్కటే చెప్పగలిగితే ఇది చెప్పండి.

ఇంకా ఒకటి, గాయాల లెక్కలు చూపించి మా సైట్ సేఫ్ అంటే నమ్మకండి. 2005లో టెక్సస్ సిటీ రిఫైనరీలో 15 మంది పోయినప్పుడు కూడా అక్కడ రోజువారీ గాయాల లెక్కలు చూడ్డానికి బాగానే ఉండేవి. జారిపడ్డం తగ్గినంత మాత్రాన స్టిల్ నలగడం తగ్గదు.

షిఫ్టు ఇన్‌చార్జి:

కెంటకీ మామా, ఎక్సైజ్ తాళం గురించి అడిగినవ్ గదా. స్పిరిట్ రిసీవర్ల రూముకి వాళ్ళ తాళం ఒకటి, మా తాళం ఒకటి ఉండుడు పాత పద్ధతి. రాత్రి అర్జెంటయితే వాళ్ళ తాళం చెవి ఎవని దగ్గర ఉన్నదో తెల్వాలె, మేమైతే డ్రిల్లు చేసినప్పుడు ఇది పెట్టుకున్నం, ఫస్ట్ డ్రిల్లుల తలుపు తెరవనీకి ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాస్తే నా ఉద్యోగం పోతది. తర్వాత అద్దం డబ్బాల ఎమర్జెన్సీ తాళం పెట్టించినం.

గోదారి అన్నా, ఇంటర్వ్యూ ఏమయిందో చెప్పు.

గోదారి గట్టు:

అయిపోయింది, నిన్ననే. రిజల్ట్ రెండు వారాల్లో అన్నారు. అందరికీ చాలా చాలా థాంక్స్, లేకపోతే నేను రన్‌అవే రియాక్షన్ గురించి ఉపన్యాసం ఇచ్చి వచ్చేవాణ్ణి.

ముగ్గురు కూర్చున్నారు, అందులో ఒకాయన సూటు కాదు, పని బట్టల్లోనే వచ్చారు, స్టిల్‌మ్యాన్‌గా మొదలెట్టి మేనేజర్ అయ్యారట. చీప్‌సైడ్ గురించి నేనే ఎత్తితే కాసేపు అందరూ నిశ్శబ్దం అయ్యారు, ఆయనకి ఆ కథ ఇంట్లో విన్నదట. సైట్ ప్లాన్ పెట్టారు, వాలు అడిగా, ఒక గోదాము తలుపు దగ్గర ర్యాంపు (కారిన సరుకు బయటికి పారకుండా ఆపే ఎత్తు) లేదని చూపించా, అది పాత ప్లాన్ అన్నారు, నిజమో పరీక్షో తెలీదు. వేడి నీళ్ళ సంగతి చెప్తే ప్రాసెస్ ఇంజనీర్ మేడమ్ గబగబా నోట్స్ రాసుకున్నారు.

దొరికిపోయింది ఒక్క దగ్గరే. ఒక వాష్ స్టిల్ ఫోటో చూపించి ఇందులో నీకు ముందు కనపడేదేంటి అన్నారు. నేను ఠక్కున పైన యాంటీ కొలాప్స్ వాల్వు అన్నా, లోపల సంబరపడుతూ. పని బట్టల ఆయన, మరి అది పనిచేస్తుందని నీకెలా తెలుసు, దాన్ని ఆఖరిసారి విప్పి చూసింది ఎవరు, ఎప్పుడు, ఏ కాగితంలో వెతుకుతావు అన్నారు. ప్రెషర్ రిలీఫ్ వాల్వులకైతే టెస్టింగ్ షెడ్యూల్, సర్టిఫికెట్ అన్నీ చెప్పగలను, మా ఫార్మాలో వాక్యూమ్ బ్రేకర్లు (యాంటీ కొలాప్స్ వాల్వు లాంటివే) ఆ లిస్టులో ఉండేవా అని ఆలోచిస్తే నాకు గుర్తు రాలేదు. ఉండేవి కావనుకుంటా. అదే చెప్పా.

షిఫ్టు ఇన్‌చార్జి:

నీ పోస్టు పొద్దున టిఫిన్ కాడ చదివిన. నేరుగ ఆఫీసుకి పోయి మా దగ్గర రిజిస్టర్ తీసిన. సేఫ్టీ వాల్వులన్నిటికి ఎంట్రీలున్నయ్, ఫర్మెంటర్లు, స్పిరిట్ ట్యాంకుల వాక్యూమ్ బ్రేకర్లకు ఒక్క ఎంట్రీ లేదు, ప్లాంటు స్టార్టయినప్పటి సంది లేదు. మెయింటెనెన్స్ వాళ్ళు అవి మా లిస్టుల లేవన్నరు, ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళు మావి కావన్నరు. మధ్యాహ్నం ఎట్లా ఒక ఫర్మెంటర్ ఖాళీగనే ఉండె, పర్మిట్ రాయించి విప్పించిన. గాలి గుంజే మూతి నిండ కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది, స్క్రూడ్రైవర్‌తోని పొడిచి తీయాల్సొచ్చింది. ఇంక పదకొండు ఉన్నయ్, రేపు నిచ్చెన దొరికితే చూడాలె.